దమ్ము అంటదు

ఇప్పుడిప్పుడే మెడలో స్టెతస్కోపు వేసుకుని, అద్దం ముందు దాన్ని ఒకటికి రెండుసార్లు సర్దుకుని వార్డుకు బయలుదేరుతున్న చిన్న డాక్టర్లకు ఒక మాట చెప్పాలని ఉంది. నిజంగానే ఒక మాట. ఆ మాట దమ్ము.

నేను నిజామాబాద్ పట్నంలో సర్కారు దవాఖానాలో ఊపిరితిత్తుల డాక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. పుట్టింది బోధన్ పక్కన, కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన తాతగారి ఇంట్లో. మా ఇంట్లో ఆ జబ్బును ఉబ్బసం అనేవారు. మా బళ్లో పిల్లలు దమ్ము అనేవారు. మెడికల్ కాలేజీకి పోతే ఆస్తమా అన్నారు. మూడు పేర్లూ నాకు బాగా తెలుసు, ఎందుకంటే మూడూ నా ఛాతీలోనే కాపురం ఉంటున్నాయి. బట్టతలవాడు దువ్వెనలు అమ్ముకున్నట్టు, ఊపిరి సరిగా ఆడనివాణ్ని ఇన్నేళ్లు ఊరికి ఊపిరి పంచాను.

మన వైపు దమ్ముకు అర్థాలు ఎక్కువ. ఊపిరి దమ్ము. ధైర్యం దమ్ము. బీడీ ఒక్క గుక్క పీలిస్తే దమ్ము. గిన్నెకు మూత బిగించి మగ్గబెడితే బిర్యానీకి దమ్ము. చివరికి ఊపిరాడని జబ్బుకూ అదే పేరు. అంటే ఉన్నా దమ్మే, లేకున్నా దమ్మే. "దమ్మున్నోనికి దమ్ముండదు" అని ఓపీలో నేను జోకు వేసేవాణ్ని. ఆ జోకు వందోసారి విన్నప్పుడు కూడా మా సిస్టర్లు నవ్వేవారు, సెలవు చీటీ మీద సంతకం పెట్టేది నేనే కనుక. ఇప్పుడు ఆ జోకు నా నోటికి రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే నాకు కోపం వస్తుంది. కోపంగానే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నవ్వొస్తే అది పాత అలవాటు అనుకోండి.

బోధన్‌లో బీడీలు చేసే ఆడవాళ్లు ఎక్కువగా ఉండే ఒక గల్లీ నుంచి ఒకామె నా దగ్గరికి వస్తుండేది. పొద్దున లేచింది మొదలు ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. జన్మలో ఒక్క బీడీ ముట్టించి ఎరగదు గానీ ఊరందరి దమ్మూ ఆమె చేతుల మీదుగానే చుట్టి పోయేది. ఆ తంబాకు పొడి ఏళ్ల తరబడి లోపలికి పోయి, చిన్ననాటి నుంచి ఉన్న దమ్మును ముదరబెట్టింది. బీడీలు మానెయ్యమ్మా అని చెప్పడం నాకు తేలిక. మానేస్తే తినేదేమిటో చెప్పడం నా చదువులో లేదు.

ఆమె భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆటో తోలుకుంటున్నాడు. భారీ మనిషి. నవ్వితే నా గదిలో గోడ మీది క్యాలెండరు కదిలేది. ఆమెను ఆటోలో తనే తీసుకొచ్చి, ఆమె జబ్బంతా తనే చెప్పేవాడు. ఆమె మధ్యమధ్యలో తప్పులు దిద్దేది. దగ్గు మాపటికి ఎక్కువ అని ఆయనంటే, మాపటికి కాదు తెల్లారగట్ల అని ఆమె. నిద్రలో ఉన్నవాడివి నీకేం తెలుసని ఒక చిన్న పోటు కూడా పొడిచేది.

నేను పంపు రాసిచ్చినప్పుడు మాత్రం ఆమె ఒప్పుకోలేదు. నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చే మందును మన దగ్గర పంపు అంటారు. దానికి అలవాటు పడితే ఇక వదలదని, అది ఆఖరి మందని గల్లీలో ఒక గట్టి నమ్మకం. నేను ఊపిరితిత్తుల బొమ్మ గీసి, గొట్టాల వాపు సంగతి వివరించి, నా పాండిత్యం అంతా ఒలకబోశాను. ఆమె నన్ను జాలిగా చూసింది. అప్పుడు భర్త అన్నాడు.

"ఆటోల పెట్రోలు వోస్తం. అలవాటైతదని పొయ్యకుంటమా?"

అంతే. పంపు తీసుకుంది. పొద్దున, సాయంత్రం క్రమం తప్పకుండా వాడింది. ఆ యేడు దసరా వెళ్లాక వచ్చి, బతుకమ్మ చుట్టూ చివరిదాకా తిరిగానని, మధ్యలో ఒక్కసారీ కూచోలేదని చెప్పింది. నాకు జరిగిన సన్మానాల్లో శాలువా లేనిది అదొక్కటే, నమ్మదగినది కూడా అదొక్కటే.

తరువాత కరోనా వచ్చింది.

మొదట్లో ఎవరికీ ఏమీ తెలియదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకోవాలి. ఊపిరితిత్తుల మీద పడే జబ్బు కదా, ముందుగా పోయేది దమ్మున్నవాళ్లే అని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. మా ఆవిడ మాత్రం బీరువా తాళాలు ఎక్కడ పెడతానో రెండుసార్లు అడిగింది. మా సూపరింటెండెంటు నన్ను పిలిచి, మీకు ఆస్తమా ఉంది కదా, సెలవు పెట్టుకోండి అన్నాడు. పెట్టలేదు. అది దమ్ము అనుకోకండి. ఇంట్లో ఉంటే కూరగాయలను ఉప్పునీళ్లలో కడిగే డ్యూటీ నాకు పడేది.

అయితే తెలియకపోవడం వేరు, తెలియనిదాన్ని గొంతు పెంచి చెప్పడం వేరు. బోధన్‌లో ఒక నర్సింగ్ హోం ఉంది. దాని డాక్టరు ఒకప్పుడు నా చేతికింద పని నేర్చుకున్నవాడే. ఏం నేర్చుకున్నాడో నాకు ఆ ఏడాది తెలిసింది. లాక్‌డౌన్‌లో మా దాకా రాలేని బోధన్ పేషెంట్లంతా అతని దగ్గరికే పోయేవారు. నేను మొదలుపెట్టిన పంపుకు చీటీ అతనే రాసిస్తుండేవాడు. అతను ఫోనులో ఒక మాట రికార్డు చేసి వదిలాడు. దమ్మున్నవాళ్లు మహా జాగ్రత్తగా ఉండాలట, పంపులో స్టిరాయిడ్ ఉంటుందట, అది ఒంట్లో శక్తిని చంపి కరోనాకు తలుపు తీస్తుందట, కనుక ఈ రోగం పోయేదాకా పంపు బందు పెట్టాలట. ఆ గొంతు బోధన్ నుంచి బయలుదేరి మాక్లూర్, నందిపేట్ దాటి మెండోర దాకా ప్రతి ఫోనులోనూ మోగింది. పంపు మానొద్దు, మానితేనే ముప్పు అని మా పుస్తకాలు మొదటి రోజు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాయి. పుస్తకం మొత్తుకుంటే ఎవరికి వినిపిస్తుంది? ఊపిరిని లోపలికి పంపే పంపును ఈ మహానుభావుడు ఊరి నుంచే పంపించేశాడు.

మా గేటు సంగతి ఇంకో కథ. దవాఖానా ముందు టెంటు వేశారు. అక్కడ ముఖానికి ప్లాస్టిక్ అద్దాలు కట్టుకున్న నర్సింగ్ పిల్లలు వచ్చినవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి. జ్వరం ఉన్నదా, దగ్గు ఉన్నదా అని రెండు. మూడోది పై నుంచి వచ్చిన కాగితంలో 'శ్వాస తీసుకోవడంలో ఇబ్బంది' అని ఉండేది. అంత పొడుగు మాటను రోజూ వందలమందిని అడగలేక మా గేటు దాన్ని మన భాషలోకి దించింది. "దమ్ము ఉన్నదా?"

చూశారా తిరకాసు? కాగితం అడిగింది ఇవాళ కొత్తగా వచ్చిన ఆయాసం గురించి. మనవాళ్లకు దమ్ము అంటే ఇంటి మనిషి లాంటి జబ్బు, పుట్టిననాటి నుంచి వెంట ఉండేది. కాలు విరిగి వచ్చిన ముసలాయన కూడా "ఉన్నది బిడ్డా, మా నాయిన కాన్నుంచి ఉన్నది" అని నిజాయితీగా చెప్పేవాడు. చెప్పిన మరుక్షణం ఆయన కరోనా వార్డుకు. అలా కొందరు పోయాక ఊళ్లలో ఒక తెలివి పుట్టింది. గేటు దగ్గర ఏమడిగినా దమ్ము లేదనే చెప్పాలి. ఆయాసంతో గసపోస్తూ, గేటు కడ్డీ పట్టుకుని నిలబడి, "లేదు సారు" అనేవారు.

నేను మీటింగులో చెప్పాను. కొత్తగా వచ్చిందా, పాతదా అని ఒక్క మాట కలిపి అడగమన్నాను. కాగితం నమూనా మార్చే అధికారం మనకు లేదన్నారు. నమూనా మార్చక్కర్లేదు, నోరు మార్చండి అన్నాను. టీ వచ్చింది, తాగాం, లేచాం. ఇప్పటికీ ఆ టీ రుచి తలుచుకుంటే నాకు నోరు చేదవుతుంది. ఒక్క మాటండీ. మాటకు ఏమవుతుంది?

ఏమవుతుందో చెబుతాను.

ఆ బీడీల ఆమె పంపు మానేసింది. ఫోనులో డాక్టరు చెప్పాడు, అది ఒక కారణం. పంపు నోట్లో పెట్టుకోవడం పక్కింటివాళ్లు చూస్తే కరోనా అని గోల చేస్తారు, అది రెండోది. దగ్గినవాళ్లకు బీడీల కార్ఖానాలో ఆకు ఇవ్వడం లేదు, అది అసలైనది. దగ్గు బయటపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని లోపలే మింగింది. మింగితే దమ్ము అరుగుతుందా? ఒక రోజు తెల్లవారేసరికి ఊపిరి అందడం లేదు.

భర్త ఆటోలో వేసుకుని ముందు ఆ నర్సింగ్ హోంకే తీసుకుపోయాడు. దగ్గరది అదే, తెలిసిన డాక్టరూ అతనే. గేటు తీయలేదు. లోపలి నుంచి కాంపౌండరు ఏం జబ్బని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. దమ్ము, పాతది, మీ సారే చీటీ రాసిస్తాడు అని. డాక్టరు మేడ మీది వరండాలోకి వచ్చాడు. కిందికి చూశాడు. దమ్మున్నవాళ్లను తీసుకోవడం లేదని, నిజామాబాద్ పొమ్మని అక్కడి నుంచే చేయి ఊపాడు.

పంపు నాలుగు సార్లు నొక్కి ఇస్తే తేరుకునే మనిషి. గేటు కూడా తీయక్కర్లేదు, పైనుంచి విసిరేసినా సరిపోయేది. అక్కణ్నించి నిజామాబాద్ దాకా ఆమె ఆటోలో ముందు కడ్డీని పట్టుకుని వంగి కూర్చుని వచ్చింది. దారి పొడుగునా ఆయన ఒక పాఠం నేర్చుకున్నాడు. నిజం చెబితే గేటు మూస్తారు. మా టెంటు దగ్గర పిల్లవాడు దమ్ము ఉన్నదా అని అడిగినప్పుడు ఆ భారీ మనిషి గట్టిగా చెప్పాడు, లేదని.

లోపల డ్యూటీలో ఉన్న అమ్మాయి కొత్త డాక్టరు. ఆమె తప్పు రవ్వంత లేదు. పాత దమ్ము లేని మనిషికి హఠాత్తుగా ఆయాసం వస్తే, ఆక్సిజన్ తగ్గితే, ఆ రోజుల్లో ఎవరైనా ఏమనుకుంటారు? శాంపిల్ తీసి, ఆక్సిజన్ పెట్టి, కరోనా వార్డుకు పంపింది.

నేను రౌండ్సుకు వెళ్లాను. పీపీఈ కిట్టు ఎప్పుడైనా వేసుకున్నారా? లోపల మనిషి, పైన మూత, చుట్టూ పిండి పూసినట్టు టేపు. దమ్ బిర్యానీ ఎలా ఉడుకుతుందో నాకు అనుభవపూర్వకంగా తెలిసింది. స్టెతస్కోపు చెవుల దాకా రాదు. ఛాతీ వినకుండా వైద్యం చేయడం అంటే చెవిటివాడు పాటకు తాళం వేయడమే. చివరి మంచం మీద ఒకామె కూర్చుని, రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఉంది. పడుకోలేదు, మాట లేదు. పక్కన తువ్వాలు మూతికి కట్టుకున్న భర్త ఆమె వీపును తన ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు. అటెండెంట్లు లోపల ఉండకూడదని నియమం. ఆమెను అలా పట్టుకుని కూర్చోబెట్టే మనిషి వార్డులో లేడన్నది నిజం. నియమం నిజాన్ని చూసి చూడనట్టు పోయింది.

నేను ఇద్దర్నీ పోల్చుకున్నాను గానీ, అంతరిక్షంలోకి పోయేవాడిలా ఉన్న నన్ను ఆయన గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పి, పంపు ఏదని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

"మెల్లగ సారు. దమ్ము లేదని చెప్పిన. ఉన్నదంటె ఈడికెళ్లి గూడ ఎల్లగొడ్తరని."

నా దగ్గరే, దమ్ముల డాక్టరు దగ్గరే, దమ్ము దాచుకోవాల్సి వచ్చిందా?

మందు ఆవిరి యంత్రం వాడితే ఆ తుంపరలతో రోగం వ్యాపిస్తుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. అందులో కొంత అర్థం ఉంది, నేను పోట్లాడలేదు. నా గదిలో నాకోసం దాచుకున్న కొత్త పంపు తెప్పించాను. ఖాళీ నీళ్ల బాటిలు అడుగున పంపు పట్టేంత బెజ్జం చేసి, అటు నుంచి పంపు, ఇటు బాటిలు మూతి ఆమె నోటికి. నొక్కడం, పీల్చమనడం, ఆగడం, మళ్లీ నొక్కడం. సెలైనులో ఇంజెక్షన్. సిస్టరమ్మ, నేను, భర్త, ముగ్గురం ఆ నీళ్ల బాటిలు చుట్టూ చేరి ఎంతసేపున్నామో తెలియదు. మధ్యాహ్నానికి ఆమె భుజాలు దిగాయి. మొట్టమొదటి మాట భర్తతో అంది.

"ఆటో గేటుకు అడ్డం వెట్టి వచ్చినవు. పోయి తియ్యి."

ఆయన నవ్వాడు. ఆ వార్డులో క్యాలెండర్లు లేవు గానీ, ఉంటే కదిలేవి.

అక్కడితో కథ అయిపోతే ఇది రాసేవాణ్ని కాదు. శాంపిల్ హైదరాబాద్ పోయి తీరిగ్గా తిరిగొచ్చింది. ఆమెకు కరోనా లేదు. లేదని కాగితం ఉన్నా మామూలు వార్డువాళ్లు తీసుకోలేదు, కరోనా వార్డు నుంచి వచ్చినామె అని. ఇంటికి పంపేంత గట్టిపడలేదు. బోధన్‌లో నర్సింగ్ హోం గేటు ఎలాగూ తెరుచుకోదు. కాబట్టి కరోనా లేని మనిషి కరోనా వార్డులోనే, కిటికీ పక్కన. నువ్వైనా ఇంటికి పో అని భర్తను బతిమాలాను, బెదిరించాను. ఆమెను విడిచి ఖాళీ ఆటోలో తానేం చేస్తానన్నాడు. ఊరికే ఉండే మనిషి కాదు. పక్క మంచాల ముసలివాళ్లకు నీళ్లు పట్టేవాడు, పడుకోబెట్టేవాడు, లేపేవాడు. వార్డుబాయ్ రాని రోజుల్లో ఆయనే వార్డుబాయ్.

రావలసింది వచ్చింది. ముందు ఆయనకు జ్వరం, వెంటనే ఆమెకు. ఈసారి ఇద్దరికీ పాజిటివే.

వార్డంతా ఒకటే మాట. దమ్మున్నామెకు కరోనా వచ్చింది, ఇక దక్కదు. ఎక్కువ ఆక్సిజన్ అందే మంచం ఆమె కోసం సిద్ధంగా ఉంచారు. అందరి కళ్లూ ఆమె ఛాతీ మీదే. ఆమె ఏం చేసింది? రెండు పూటలా పంపు పీల్చింది, కాస్త దగ్గింది, వాసన తెలియడం లేదని ఫిర్యాదు చేసింది. ఆ బాత్రూముల పక్కన అదొక వరమే. కిటికీలోంచి ఎండ పడుతుంటే భర్త సంచిలో తెచ్చిపెట్టిన బత్తాయిలు ఒలుచుకుంటూ కూర్చుంది.

ఆయన జ్వరం దిగలేదు. రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ ఆకాశంలో ఉంది. ఏనాడూ చూపించుకున్న పాపాన పోలేదు. రిపోర్టు చెబితే ఆయాసపడుతూనే నవ్వాడు.

"చక్కెర ఫ్యాక్టరీల పని జేసినోనికి షుగరు గాకుంటె ఉప్పొస్తదా సారు?"

ఆమె కోసం ఉంచిన మంచం మీదికి ఆయన్ని మార్చాం. అది కూడా చాలలేదు. వెంటిలేటర్లున్న లోపలి గదిలోకి తీసుకుపోయాం. ఒక మధ్యాహ్నం ఆయన పోయాడు. ఆయన నీళ్లు పట్టిన ముసలివాళ్లలో కొందరు నడిచి ఇంటికి పోయారు.

చిన్న డాక్టర్లారా, ఆ తరువాత లోకమంతా నేర్చుకున్నదాన్ని మేము ఆ వార్డులో ముందే చూశాం. అదుపులో ఉన్న దమ్ము, క్రమంగా పంపు వాడుతున్న దమ్ము, కరోనాను పెద్దగా ముదరబెట్టలేదు. అదుపు తప్పినదే ముప్పు. మాటిమాటికీ దవాఖానా పాలై స్టిరాయిడ్ గోళీలు మింగాల్సి వచ్చే దమ్ము, పంపు మానేసిన దమ్ము, వాటితో జాగ్రత్త. మరి ఎక్కువమందిని తీసుకుపోయినవి ఏవి? వయసు, లావైన ఒళ్లు, బీపీ, కిడ్నీలు, షుగరు. అవి గసపొయ్యవు, పిల్లికూతలు కూయవు, గేటు దగ్గర ఎవరికీ వినిపించవు. చప్పుడు చేసే జబ్బును చూసి ఊరంతా భయపడింది. చప్పుడు చేయనిది మా కళ్ల ముందే బత్తాయిల సంచి మోసుకుంటూ తిరిగింది.

ఆయన పోయిన సంగతి ఆమెకు నేనే చెప్పాను. ఏడవలేదు. తన చేతులు చూసుకుంది.

"నా దమ్మే అంటిందా సారు ఆయనకు?"

"దమ్ము అంటదు చెల్లె."

విన్నట్టు తల ఊపింది. నమ్మలేదని తెలిసింది.

ఆ రోజే నర్సింగ్ హోం డాక్టరుకు ఫోన్ చేశాను. గేటు ఎందుకు తీయలేదని అడిగితే స్టాఫ్ భయపడుతున్నారన్నాడు. పంపు ఆపమని ఎందుకు చెప్పావంటే అప్పటికి తనకు తెలిసింది చెప్పానన్నాడు. తెలిసిందా, తోచిందా అన్నాను. మెత్తగా, నన్నే ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"సార్, ఆమె బతికింది గదా."

ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఎవరి మీదా గట్టిగా అరిచింది లేదు, అరిస్తే నాకే ఆయాసం వస్తుంది. ఆ రోజు గోడ మీద అరిచాను. గోడ కూడా నాకే తిరిగి అప్పజెప్పింది. మరుసటి ఏడాది కరోనా యోధులకు సన్మానం అని ఒక సభ పెట్టారు. వేదిక మీద అతనూ ఉన్నాడు, అతనికి నా చేత శాలువా కప్పించాలని నిర్వాహకుల ముచ్చట. దుశ్శాలువ అనే మాట ఎక్కడ మొదలవుతుందో ఆ రోజు గమనించాను. అతను నా కాళ్లకు దండం పెట్టబోతే కాళ్లు వెనక్కి తీసుకున్నాను. మోకాళ్ల నొప్పి అనుకున్నారు సభికులు. అనుకోనీ.

సభ ముచ్చట ముందు చెప్పేశాను గానీ, అంతకు చాలా ముందే, ఆయన పోయిన కొన్నాళ్లకే, బోధన్ నుంచి ఆ గల్లీ ఆశా వర్కరు ఫోన్ చేసింది. ఆ బీడీల ఆమె మళ్లీ పంపు ముట్టడం లేదట. ఇంటి వెనక రేకుల గదిలో కూర్చోబెట్టారట. దమ్ముతో పోయి కరోనా తెచ్చి మొగుణ్ని మింగిందని గల్లీ అంటోందట. ఆమెకు అదే నిజమనిపించి, ఊపిరి ఆగితే ఆగనీ అంటోందట.

పోయాను. ఆయన అక్క అరుగు మీద కూర్చుని ఉంది, ఆ ఇంటికి పెద్ద ఆమే. నేను డాక్టరునని తెలిసినా లేవలేదు, మంచిదే. తమ్ముడు రాయిలా ఉండేవాడని, ఏనాడూ గోళీ మింగి ఎరగడని, ఈ దమ్ముల దానితో పోయి శవమై కూడా ఇంటికి రాలేదని, నేను విన్నంతసేపూ చెప్పింది. చుట్టూ చాటలు ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు. చేతులు ఆగకుండా ఆకు చుడుతూనే చెవులు ఇటు వేశారు. దమ్ము అంటదని నేను చెప్పాను. ఇంకో రకంగా మళ్లీ చెప్పాను. ఊపిరితిత్తుల బొమ్మ గీయబోయానని కూడా ఒప్పుకుంటాను.

ఎవరూ నమ్మలేదు. అప్పుడు దూరం జరిగి, మాస్కు దించి, జేబులోంచి నా పంపు తీసి గల్లీ నడిమధ్య పీల్చాను. చాటల దగ్గర చేతులు ఆగాయి.

"నాకు గూడ చిన్నప్పటి సంది దమ్మే. కరోనా గూడ వచ్చిపోయింది. దమ్ము అంటేదైతె మా ఇంటామెకు అంటాలె. ఆమెకు దమ్ము లేదు."

"దమ్ము లేకుంటె నీతోని ఇన్నేండ్లు ఎట్లున్నది సారు" అని ఒక ముసలామె చాటలోంచి తల ఎత్తకుండా అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా జోకులన్నిటికన్నా అది నయం.

అప్పుడు చెప్పాను, తమ్మునికి షుగర్ ఉండేదని, అతని కరోనాను ముదరబెట్టింది అదేనని. పెద్దామె నన్ను సూటిగా చూసింది.

"షుగరున్నదని మాకు ఎవలన్న చెప్పిండ్రా? అందరు దీని ఛాతీనే సూసిరి."

ఆ ప్రశ్న నర్సింగ్ హోం గేటుకు, మా టెంటుకు, పై నుంచి వచ్చిన కాగితానికి, నా ఓపీ గదికి, అన్నిటికీ కలిపి వేసింది. వేలు మీద ఒక్క సూది పోటు చాలేది. అక్కడ ఎవరూ లేకుంటే ఆ ఇంటి గోడ మీద కూడా అరిచేవాణ్ని.

మా మాటలకు ఆమె వెనక గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది, మెడ దగ్గర కండరాలు ఊపిరి ఊపిరికీ లోపలికి పోతున్నాయి. నేను తెచ్చిన పంపు చేతికిచ్చాను. పుచ్చుకుంది గానీ నోటికి పెట్టుకోలేదు. వదినె వైపు చూసింది. వదినె మళ్లీ అందుకుంది, మొగుణ్ని మింగినదానికి మందొకటి తక్కువైందా అని. ఆమె విన్నది. పంపు మూత తీసి, ఊపి, ఒక్కొక్క మాటా ఊపిరి కూడదీసుకుని అంది.

"తిట్టుండ్రి వదినె. మీ తమ్ముడు పోయిండు, తిట్టుండ్రి. గని నన్ను ఊపిరి తీసుకోనిచ్చి తిట్టుండ్రి."

నొక్కి, పీల్చింది. పీల్చాక కాసేపు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే మందు లోపల కుదరదు. కళ్లు మూసుకుని బిగబట్టింది. పెద్దామె నోరు తెరిచింది, మూసింది. ఆమె ఊపిరి వదిలేదాకా ఆగింది. వదిలాక మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.